బల్ల కింద మేకు

మా పడవను చెడగొట్టడానికి నాకు సరిగ్గా పదకొండు వారాలు పట్టింది. బాగుచేస్తున్నాననే అనుకున్నాను. వదినా అలాగే అనుకుంది, రేవులో చూసినవాళ్లందరూ అలాగే అనుకున్నారు. సంగతి తెలిసిన మనిషి ఒక్కడే. ఆ మనిషి చెప్పబోతే చెప్పనివ్వకుండా చేసినవాణ్ని కూడా నేనే.

అది చిన్న తెరచాప పడవ. నలుగురు ఎక్కితే ఐదోవాడు గట్టు మీద నిలబడి చెయ్యి ఊపాల్సిందే. నాన్న తన చేతులతో కట్టాడు. నాన్న పోయాక అన్నయ్య చేతికి వచ్చింది. ఇంట్లో దాన్ని ముసల్ది అనేవాళ్లం. అన్నయ్యది గడియారాలు బాగుచేసే షాపు. వారంలో ఆరు రోజులు కంటికి భూతద్దం తగిలించుకుని మిగతావాళ్ల టైము సరిచేసేవాడు. ఏడో రోజు ముసల్దాన్ని తీసుకుని సరస్సు మీదికి పోతే మళ్లీ పొద్దువాలాకే ఇల్లు గుర్తొచ్చేది. 'నాకు సవతి ఉంది, దానికి నాకంటే వయసెక్కువ' అని వదిన వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వేది.

నేను వడ్రంగిని. కింద వాటాలో వాళ్లిద్దరూ, పై గదిలో నేనూ, పెరట్లో నా రేకుల షెడ్డూ. పెళ్లీ గిళ్లీ పెట్టుకోలేదు గనక నా ముద్దూమురిపెం అంతా చెక్క మీదే. నేను చేసిన అలమర మీద చెయ్యి పెడితే జారిపోవాలి. ఎక్కడ ఒక గీత కనిపించినా, ఒక మేకు తల పైకి తేలినా నాకు ముద్ద దిగదు. మా మరిది చేతికి గరుకు కాగితం ఇచ్చి ఇంట్లో వదిలేస్తే సాయంత్రానికి గోడలు కూడా అరిగిపోతాయని వదిన ఎగతాళి చేసేది. నాకు అది పొగడ్తలాగే వినిపించేది.

ఆ ఏడాది చలి తగ్గి ఎండలు ముదరబోతున్న ఒక ఆదివారం నేనూ అన్నయ్యతో పడవెక్కాను. వెళ్లడం బాగానే వెళ్లాం. తిరిగి వచ్చేటప్పుడు, రేవు మొదట్లో మనిషెత్తున ఒక రాతి స్తంభం ఉంటుంది, పట్టపగలు, ఎదురుగా, తిన్నగా తీసుకెళ్లి దానికి కొట్టాడు. రాసుకుపోవడం కాదు, గురి చూసి కొట్టినట్టు కొట్టాడు. నేను ముందుకు తూలి పడ్డాను, పెదవి చిట్లింది. నోట్లో రక్తం, చుట్టూ జనం, నాకు ఒళ్లు మండిపోయింది.

"కళ్లు కనపడట్లేదా నీకు?" అని అందరి ముందూ అరిచాను.

ఎవరైనా అనే మాటే. నేనూ అలాగే అన్నాను. అన్నయ్య చుక్కాని పిడి వదలకుండా అలాగే కూర్చున్నాడు.

"చుక్కాని పట్టేసిందిరా," అన్నాడు చివరికి. "తాడు కూడా జారింది. ముసల్దాని పనైపోయింది."

నేను నమ్మేశాను. పడవ సంగతి నాకు తెలియకపోయినా చెక్క సంగతి తెలుసు. నాన్న కట్టి యాభై ఏళ్లు దాటింది, అరగదా మరి?

ఆ రోజు నుంచి అన్నయ్య నా మొహంలోకి చూసి మాట్లాడటం మానేశాడు. నేను ఏదైనా అడిగితే తల కొంచెం పక్కకు తిప్పి, తలుపు వైపో కిటికీ వైపో చూస్తూ జవాబు చెప్పేవాడు. నలుగురిలో అరిచానని మనసులో పెట్టుకున్నాడనుకున్నాను. నిజానికి అంతకుముందు నుంచే అలా తిప్పుతున్నాడేమో, నేను గమనించడం అప్పుడు మొదలుపెట్టానేమో. క్షమించమని అడగడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. చేతనైంది ఒకటే పని. పడవను షెడ్డులోకి లాగించి, గాలులు మొదలయ్యేలోగా కొత్తదాన్ని చేసి ఇస్తానని చెప్పాను.

"ఎందుకురా, నాలుగు మేకులు కొడితే సరిపోతుంది," అన్నాడు అన్నయ్య.

"నువ్వే కదా పనైపోయిందన్నావు?" అన్నాను.

తన మాట తన కాళ్లకే చుట్టుకుంది.

పనిలోకి దిగానంటే నాకు తిండి నిద్ర ఉండవు. మొదట పడవను బోర్లించి పాత రంగంతా గోకేశాను. మెత్తబడ్డ చెక్కలు రెండు తీసి కొత్తవి వేశాను. చుక్కాని విప్పి చూస్తే ఎక్కడా పట్టేసిన గుర్తు లేదు. అదేమిటని ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు నేను. దానికీ కొత్త పిడి చేసి పెట్టాను, పాతదాని మీద ఆకురాయితో గీసిన గాట్లు అసహ్యంగా ఉన్నాయని.

సాయంత్రం షాపు మూసి వచ్చాక అన్నయ్య షెడ్డులో ముక్కాలిపీట మీద కూర్చునేవాడు. పడవ ఒంటి మీద అరచేత్తో తడిమేవాడు. తడిమి తడిమి, 'బాగా నున్నగా వస్తోందిరా' అనేవాడు. నేను పొంగిపోయేవాణ్ని.

ఒక సాయంత్రం నడిపేవాడు కూర్చునే బల్లకు రంధ్రాలు చూస్తున్నాను. అంచు కింద, చెయ్యి ఆనే చోట ఒక మేకు సగం దిగి, మిగతా సగం వంగి ఉంది. సుత్తి వెనక పంజాతో పట్టుకున్నాను.

"ఆ మేకు ఉండనీరా," అన్నాడు అన్నయ్య. ఆ శబ్దానికే ఏం చేస్తున్నానో తెలిసిపోయినట్టుంది.

"తుప్పు పట్టిపోయింది అన్నయ్యా. ఎప్పుడో ఒకప్పుడు గుచ్చుకుంటుంది."

"ఇన్నాళ్లూ గుచ్చుకోలేదుగా."

అప్పటికే ఊడొచ్చేసింది. ఊడిన చోట రంధ్రాన్ని ఎలా పూడ్చానో చెప్పాలి, ఎందుకంటే అది నా విద్య. బజారులో దొరికే లప్పం వాడను. అదే బల్లను కొద్దిగా చిత్రిక పట్టి, ఆ పొట్టునే జిగురులో కలిపి కూరతాను. ఆరాక మూడు రకాల గరుకు కాగితాలతో రుద్ది, మూడు పూతలు వార్నిష్ వేస్తాను. చెక్కకు చెక్కే అతుక్కుపోతుంది. ఆ పైన అన్నయ్య మోకాళ్లకు సుఖంగా ఉంటుందని బల్లను రెండంగుళాలు ఎత్తు చేశాను.

తెరచాప చిరుగులు కుట్టే పని వదిన తీసుకుంది. అంచు పొడుగునా అక్కడక్కడా గడియారాల లోపల ఉండే ఇత్తడి పళ్ల చక్రాలు దారంతో కుట్టి ఉన్నాయి. షాపులో చోటు చాలక సరుకు ఇక్కడ దాస్తున్నాడని వదిన, పడవకు కూడా కీ ఇచ్చి నడుపుతున్నాడని నేను, ఇద్దరం కడుపుబ్బ నవ్వాం. అన్నయ్య కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా. వదిన వాటన్నిటినీ కత్తిరించి నా దోసిట్లో పోసింది. నేను ఏదీ పారెయ్యను, పాత మేకులు వేసుకునే బిస్కెట్ల డబ్బాలో వేశాను.

ఇక తాళ్లు. పాత తాళ్లు ఒకదానికొకటి పొంతన లేనివి. ఒకటి లావు కొబ్బరిపీచు తాడు, ఒకటి నూలుది, దాని చివర తోలు చుట్టి ఉంది, ఇంకోదానికి జానెడు దూరంలో రెండు ముళ్లు. ఒక్కోటి ఒక్కో మూల కట్టి ఉండేది. వాటిలో ఒకటి లాగితే అది తిరిగే కప్పీ కీచుమని అరిచేది, చెవులు చిల్లులు పడేలా. నేను రేవులో ఒక ఖరీదైన పడవను చూసి వచ్చి, అలాగే చేశాను. ఐదు తాళ్లూ తెల్ల నైలానువి, ఒకే లావువి. అరవని కప్పీలు పెట్టి, అన్నిటినీ తెచ్చి నడిపేవాడి ముందు ఒకే చెక్కకు వరసగా బిగించాను. అన్నయ్య కూర్చున్న చోటు నుంచి లేవక్కర్లేదు. చెయ్యి చాపితే అన్నీ అందుతాయి.

తాళ్లు బిగిస్తున్న రోజు అన్నయ్య వచ్చి పాతవాటిని ఒళ్లో వేసుకుని కూర్చున్నాడు.

"ఇవి ఇంకా గట్టిగానే ఉన్నాయిగా?" అన్నాడు.

"నీకు కొత్తదేదీ నచ్చదు. అదీ నీ జబ్బు."

"నచ్చక కాదురా..."

ఆ మాట తర్వాత ఏదో ఉంది. ఉందని నాకు తెలుసు, ఎందుకంటే తను ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. కానీ నాకు ఆ చెక్క అంచు ఒకటి నునుపు చెయ్యాల్సి ఉంది. మిషను స్విచ్చి నొక్కాను. షెడ్డంతా రొద. పని అయ్యాక తల ఎత్తి చూస్తే ముక్కాలిపీట ఖాళీగా ఉంది, పాత తాళ్లు దాని మీద చుట్ట చుట్టి పెట్టి ఉన్నాయి.

ఇంట్లో కూడా చూసేవాడికి చాలా కనపడేవి. అన్నయ్య ఆ మధ్య చేతి వాచీలు తీసుకోవడం మానేసి గోడ గడియారాలు మాత్రమే తీసుకుంటున్నాడు. అడిగితే ఓపిక తగ్గిందన్నాడు. పేపరు వదిన చేత చదివించుకునేవాడు. 'పెళ్లైన ఇన్నేళ్లకు నా గొంతు వినాలనిపించింది మహానుభావుడికి' అని వదిన మురిసిపోయేది. గ్లాసులో టీ పోసుకునేటప్పుడు వేలు ఒకటి అంచు లోపలికి పెట్టేవాడు. కాలుతుంది కదా అంటే, ఎంత వేడిగా ఉందో చూస్తున్నానన్నాడు. మేమిద్దరం కళ్లున్నవాళ్లం, ఒక్కటీ చూడలేదు.

గాలులు మొదలయ్యాయి. ఒక ఆదివారం పొద్దున ముసల్దాన్ని రేవుకు తీసుకెళ్లాం. ముసల్దేమిటి, పెళ్లికూతురిలా ఉంది. రేవు కాపలా ముసలాయన చుట్టూ రెండుసార్లు తిరిగి, ఇది పాతదే అంటే నమ్మనన్నాడు. నేను చేతులు కట్టుకుని, అంతా విని, ఏమీ పట్టనట్టు నిలబడ్డాను.

అన్నయ్య ఎక్కి తన చోట కూర్చున్నాడు. ఎడమ చెయ్యి బల్ల అంచు కిందికి వెళ్లింది. ముందుకు జరిగింది, వెనక్కి జరిగింది, మళ్లీ ముందుకు వెళ్లింది. తర్వాత ఎదురుగా ఉన్న ఐదు తాళ్లనూ ఒక్కోటీ పట్టుకుని చూశాడు. ఒకటి కొంచెం లాగి, తల పక్కకు వంచి తెరచాప వైపు చెవి పెట్టాడు. ఏమీ వినపడలేదు. వినపడకుండా చేశానని నాకు గర్వం కూడాను. రెండోది లాగాడు. వదిలేశాడు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాడు.

"చాలా బాగుందిరా," అన్నాడు. "ఇవాళ నువ్వు నడుపు. నేను ముందు కూర్చుంటా."

నాన్న తర్వాత ఆ చోట అన్నయ్య తప్ప ఎవరూ కూర్చోలేదు. నన్ను కూర్చోమన్నాడు. కోపం పోయింది, ఇది నాకిచ్చిన బహుమానం అనుకున్నాను. గుండె నిండిపోయింది నాకు. ఆ రోజంతా వంకరటింకరగా నడిపాను, రెండుసార్లు పడవ ఒరిగింది, పిచ్చివాడిలా నవ్వాను. అన్నయ్య ముందు కూర్చుని, మొహం గాలికి పెట్టి, ఎప్పుడు తాడు లాగాలో ఎప్పుడు వదలాలో వెనక్కి తిరక్కుండానే చెప్పాడు. నా బతుకులో అంత సంతోషంగా గడిచిన రోజులు ఎక్కువ లేవు. ఇప్పుడు తల్చుకుంటే అన్నిటికంటే ఆ సంతోషానికే సిగ్గేస్తుంది.

తర్వాతి ఆదివారం మోకాలు నొప్పన్నాడు. ఆ పై ఆదివారం షాపులో పని. ఆ పై వారం గాలి బాగాలేదన్నాడు. రేవులో పడవలన్నీ బయటికి వెళ్లాయి ఆ రోజు. ఇక నాకు అర్థమైపోయింది, నా పని నచ్చలేదు, చెప్పడానికి నోరు రాక తప్పించుకుంటున్నాడు. పదకొండు వారాలు చేతులు పుళ్లు చేసుకుంటే ఇదా మర్యాద అని మూతి ముడుచుకున్నాను. కిందికి భోజనానికి వెళ్లడం మానేశాను. మెట్ల మీద ఎదురైతే పలకరించలేదు. రెండు వారాలు. ఎదురైనప్పుడు తను గోడ పట్టుకుని నాకు దారి ఇచ్చేవాడు. ఎవరు ఎదురొస్తున్నారో తెలియక పట్టుకునేవాడని తర్వాత తెలిసింది.

మొదటి వాన పడిన మధ్యాహ్నం వదిన షెడ్డులోకి వచ్చింది. తడిసిన కొంగు పిండుకోలేదు, కూర్చోలేదు. పొద్దున షాపులో ఎవరో గొడవ పెట్టుకున్నారట, గోడ గడియారంలో చిన్నముల్లు ఉండాల్సిన చోట పెద్దముల్లు బిగించి ఇచ్చాడని. అన్నయ్య వాదించలేదట, షాపు మూసేసి ఇంటికొచ్చి మంచం మీద కూర్చున్నాడట. వదిన పట్టుబట్టి కళ్ల డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. అక్కడ డాక్టరు అన్నయ్యను చూసి, మళ్లీ వచ్చారేమిటి అన్నాడట.

"రెండేళ్ల నుంచి వెళ్తున్నారటయ్యా," అంది వదిన. "కంటి మధ్యలో మచ్చ పడిందట. దేన్ని చూస్తే అది కనపడదట, దాని పక్కనున్నది మసగ్గా కనపడుతుందట. నయం కాదన్నారు. నాకు చెప్పలేదు. నేను ఆయన పక్కనే పడుకుంటానయ్యా, నాకు చెప్పలేదు."

చేతిలో ఉన్న చిత్రిక కింద పెట్టాను. రాతి స్తంభం గుర్తొచ్చింది. ఎదురుగా ఉంది కాబట్టే దాన్ని కొట్టాడు. నా మొహం గుర్తొచ్చింది, చూడాలనుకున్నాడు కాబట్టే పక్కకు తిరిగాడు. నేను అరిచిన మాట గుర్తొచ్చింది.

"కళ్లు మూసుకుని కూడా ముసల్దాన్ని నడుపుతాననేవారు," అంది వదిన. "గొప్పలు అనుకున్నాను."

అప్పుడు నాకు బిస్కెట్ల డబ్బా గుర్తొచ్చింది.

డబ్బా తీసుకుని కింద వాటాలోకి వెళ్లాను. అన్నయ్య కిటికీ దగ్గర కూర్చుని వాన వింటున్నాడు. రెండు వారాల తర్వాత ఆ గదిలో అడుగు పెట్టడం. డబ్బాను టీపాయి మీద బోర్లించాను. తను వేళ్లతో కలిపి, వాటిలోంచి తనవి ఒక్కోటీ ఏరి పక్కన పెట్టడం మొదలుపెట్టాడు. నా మేకులు ఒక్కటీ పొరపాటున తీయలేదు.

ఇత్తడి చక్రాలు చాప అంచున కొట్టుకుని గలగలమంటే గాలి తప్పుతోందని లెక్కట. లావు తాడు చాప ఎత్తేది, తోలు చుట్టింది దించేది, ముళ్లున్నది ముందుండే చిన్న చాపది. కప్పీ కీచుమందంటే లాగింది చాలని. పిడి మీద గాట్లు ఎంత తిప్పాడో చెప్పేవి. అన్నీ మామూలుగా, ఎవరో కుర్రాడికి గడియారం విప్పి చూపిస్తున్నట్టు చెప్పాడు. చివరికి వంగిన మేకు చేతికి తగిలింది. దాన్ని బొటనవేలితో రుద్దుతూ ఉండిపోయాడు.

"ఇది?" అన్నాను.

"దీని మీద వేలు పెడితే నేను సరిగ్గా మధ్యలో కూర్చున్నట్టురా. అక్కణ్నుంచి అన్నీ జానల లెక్క. పిడి ఒక జాన, తోలు తాడు రెండు, ముళ్ల తాడు మూడు."

"ఎందుకు చెప్పలేదన్నయ్యా?"

"చెబితే పడవ ఎక్కనిస్తారా మీరు?"

ఎక్కనిచ్చేవాళ్లం కాదు. అది నిజం. నేనే మొట్టమొదట అడ్డం పడేవాణ్ని.

అన్నీ మళ్లీ పెట్టేద్దాం, పాతవి పాతచోటే పెట్టేద్దాం, వారంలో చేస్తానని గబగబా చెప్పాను. ఎక్కడెక్కడో నువ్వు చూపించు చాలన్నాను.

"చూపు ఉన్నప్పుడు పెట్టుకున్నానురా అవి," అన్నాడు అన్నయ్య. "ఒక్కోటీ తగ్గుతున్న కొద్దీ ఒక్కోటీ పెట్టుకుంటూ వచ్చా. ఇప్పుడు నన్ను చూపించమంటే ఎట్లా?"

ఆ వానలోనే పడవను షెడ్డుకు తెప్పించాను. ఆ మేకు రంధ్రం దొరికితే చాలు, మిగతావన్నీ దాన్నుంచే కదా. నాలుగడుగుల బల్ల. అంచు కింద దీపం పెట్టి వెతికాను. భూతద్దం పెట్టి వెతికాను. కళ్లు మూసుకుని వేలి కొసతో ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తడిమాను. ఆ రంధ్రం పూడ్చింది నేను, రుద్దింది నేను, మూడు పూతలు వేసింది నేను. దొరకలేదు. పని చేస్తే ఎక్కడా గుర్తు మిగలకూడదని ముప్పై ఏళ్లుగా చెక్కతో పోట్లాడినవాణ్ని, ఆ రోజు ఒక్క గుర్తు కోసం ఏడ్చాను.

చివరికి ఎత్తు చేసిన బల్ల దించి, అన్నయ్యను కూర్చోబెట్టి, చెయ్యి ఎక్కడికి పోతే అక్కడ మేకు కొట్టాను. పాత పిడి బిగించి, పాత తాళ్లు కట్టాను. కీచుమనే కప్పీ మళ్లీ పెట్టాను. వదిన చక్రాలు కుట్టింది, ఎంతెంత దూరంలో కత్తిరించిందో గుర్తులేక మళ్లీ మళ్లీ విప్పి కుట్టింది. వాన తెరిపిచ్చిన ఆదివారం రేవుకు వెళ్లాం. అన్నయ్య మేకు మీద వేలు పెట్టి, జాన కొలిచి, పిడి కోసం చెయ్యి చాపాడు. చెయ్యి గాలిలో ఆగింది. ఇంకోసారి కొలిచాడు. వేరే తాడు దొరికింది.

"దగ్గర్లోనే పెట్టావులే," అన్నాడు నాతో.

లేచి, నా భుజం పట్టుకుని, ముందు బల్ల మీదికి వెళ్లి కూర్చున్నాడు.

ఇప్పటికీ ఆదివారాలు వెళ్తాం. నడిపేది నేను. తను ముందు కూర్చుని గాలి సంగతి చెబుతాడు, ఎప్పుడూ తప్పు చెప్పడు. ఆ మేకు నేను తియ్యలేదు. పిడి పట్టుకుని కూర్చుంటే అది సరిగ్గా నా ఎడమ బొటనవేలి కిందికి వస్తుంది. నాకు దాంతో పని లేదు, నాకు అన్నీ కనపడతాయి.